ముందు పారే పొర, శివారు పొర

(పెట్రోలియం ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే.

నన్ను పరిచయం చేసినాయన, "భూమిలో నూనె ఎంతుందో చెప్పగలిగిన మనిషి" అన్నారు. అంత లేదండీ. నూనె ఎంతుందో చెప్పేవాళ్లు వేరే ఉంటారు. ఉన్నదాంట్లో పైకి ఎంత వస్తుంది, ఎన్నాళ్లకి వస్తుంది, దాంతోపాటు నీళ్లెన్ని వస్తాయి, ఇవి చెప్పడం నా పని. ముప్ఫై ఏళ్లు దానికే జీతం తీసుకున్నాను. ఎన్నిసార్లు తప్పు చెప్పానో లెక్క పెట్టలేదు. (నవ్వులు)

నూనె అనగానే చాలామందికి భూమి కింద ఓ చెరువు ఉన్నట్టు, అందులోకి గొట్టం దించి తోడినట్టు ఊహ. చెరువూ లేదు, గుహా లేదు. ఉన్నది రాయి. ఇసుకరాయో సున్నపురాయో. ఆ రాయి రేణువుల మధ్య సందుల్లో నూనె ఉంటుంది, తడి ఇసుకలో నీళ్లున్నట్టు. మొదట్లో లోపలి ఒత్తిడికి దానంతటదే వస్తుంది. కొన్నాళ్లకి ఒత్తిడి పడిపోతుంది, బావి నీరసిస్తుంది. అప్పుడు పక్కన ఇంకో బావి తవ్వి అందులోంచి నీళ్లు కొడతాం. ఆ నీళ్లు వెనకనుంచి నూనెని తోసుకుంటూ ఉత్పత్తి బావి వైపు నడిపించాలి. దీన్నే వాటర్ ఇంజెక్షన్ అంటాం. నీళ్లు ఒకేలా, కవాతు చేస్తున్నట్టు వరసలో నడిస్తే నాకు ఉద్యోగమే ఉండేది కాదు.

మాది కోనసీమ. చిన్నప్పుడు మా పెరట్లో వరల నుయ్యి తవ్వుతుంటే గట్టున కూర్చుని చూసేవాణ్ణి. ముందు నల్లమట్టి వచ్చేది, తర్వాత సన్న ఇసుక, మళ్లీ జిగట బంకమట్టి, దాని కింద ముతక ఇసుక. సన్న ఇసుకలో నీళ్లు చెమట పట్టినట్టు వచ్చేవి. ముతక ఇసుక తగలగానే తవ్వేవాడు పైకి కేకేసేవాడు: "ఇంక ఊట ఆగదండోయ్!" ఒకటే నుయ్యి, నాలుగు పొరలు, ఒక్కో పొరది ఒక్కో గుణం. నూనె రిజర్వాయర్, అంటే నూనె పట్టిన రాతిపొరల దొంతర, అది కూడా అచ్చం అలాంటిదే, కాకపోతే రెండు మూడు కిలోమీటర్ల లోతున. పొర తనలోంచి ద్రవాన్ని ఎంత తేలిగ్గా పోనిస్తుందన్నదాన్ని పారగమ్యత అంటారు పుస్తకాల్లో. మేం పెర్మియబిలిటీ అంటాం, మిల్లీడార్సీల్లో కొలుస్తాం. డార్సీ అన్నది ఫ్రాన్సులో డిజాన్ నగరానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజినీరు పేరు. ఇసుకలోంచి నీళ్లు వడకట్టే ప్రయోగాలు చేసి 1856లో అచ్చు వేశాడు. నూనె ఊసే లేదు అందులో. మా వృత్తి మొత్తం ఒక మునిసిపల్ నీళ్ల లెక్క మీద నిలబడి ఉంది.

నీళ్లు కొట్టి నూనె తీయడం కూడా ఎవరో కూర్చుని కనిపెట్టింది కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో పాత బావుల గొట్టాలు తుప్పు పట్టి, పై పొరల్లోని నీళ్లు నూనె పొరలోకి దిగేవి. ఆ బావి పాడైపోయేది. కానీ పక్క బావిలో నూనె పెరిగేది! 1880లో జాన్ కార్ల్ అనే భూగర్భ శాస్త్రవేత్త, నీళ్లు నూనెని తోయగలవేమో అని తన నివేదికలో రాశాడు. అక్కడి చట్టమేమో నూనె పొరలోకి నీళ్లు పోనివ్వకూడదంటుంది. దాంతో బ్రాడ్‌ఫర్డ్ క్షేత్రంలో చాలామంది చాటుమాటుగా నీళ్లు వదిలేవాళ్లు. చివరికి 1921లో పెన్సిల్వేనియాలో అది చట్టబద్ధమైంది. బ్రాడ్‌ఫర్డ్‌లో ఉత్పత్తి 1881లో శిఖరానికి చేరి తర్వాత దశాబ్దాల పాటు పడిపోయింది. నీళ్ల పుణ్యమా అని 1937లో రెండో శిఖరం చూసింది. చచ్చిందనుకున్న క్షేత్రం లేచి కూర్చుంది.

అప్పుడు మొదలైంది అసలు ప్రశ్న. నీళ్లకి డబ్బు పెట్టేవాడు ముందే అడుగుతాడు కదా, "ఎంతొస్తుంది?" అని. 1942లో బక్లీ, లెవరెట్ అనే ఇద్దరు, ఒకే రాతిలో నీళ్లూ నూనే కలిసి ఎలా కదులుతాయో సమీకరణం రాశారు. అది మీ సిలబస్‌లో ఉంది, పరీక్షకి ఎలాగూ చదువుతారు, దాన్ని వదిలేస్తాను. పొరల సంగతి తీసుకున్నవాడు స్టైల్స్, 1949లో. మరుసటి ఏడాది, 1950లో, డైక్‌స్ట్రా, పార్సన్స్ అనే ఇద్దరు కాలిఫోర్నియా కోర్ ముక్కల మీద, అంటే బావి తవ్వేటప్పుడు కోసి తెచ్చిన రాతి ముక్కల మీద, నీళ్లు పోసి చూసి, పొరల లెక్కని ఇంకో మెట్టు ఎక్కించారు. మనం ఇవాళ ఆ లెక్క చేద్దాం. కాలిక్యులేటర్ అక్కర్లేదు.

బోర్డు చూడండి. ఐదు పొరలు, అన్నీ ఒకే మందం. పెర్మియబిలిటీ పైనించి 500, 250, 100, 50, 25 మిల్లీడార్సీలు. సగటు ఎంత? 185. ఎడమవైపు నీళ్ల బావి, కుడివైపు నూనె బావి. పొరల మధ్య గోడ కట్టినట్టు నీళ్లు ఒక పొరలోంచి ఇంకో పొరలోకి పోవనుకుందాం. ప్రస్తుతానికి నీళ్లూ నూనే రాతిలో ఒకే తేలికతో కదులుతాయనుకుందాం.

మొదటి పొరలో నీళ్లు అవతలి బావి చేరేసరికి మిగతా పొరల్లో ఎక్కడుంటాయి? రెండో పొరలో సగం దారిలో. మూడో దాంట్లో ఐదో వంతు. నాలుగోదాంట్లో పదో వంతు. ఐదో పొరలో ఇరవయ్యో వంతు, అంటే ఇంకా గుమ్మం దాటలేదు. కూడండి: 1, 0.5, 0.2, 0.1, 0.05. మొత్తం 1.85. ఐదుతో భాగిస్తే 37 శాతం. అంటే కదలగలిగిన నూనెలో 37 శాతం వచ్చేసరికే బావిలో నీళ్లు కనపడ్డాయి. సగటు 185 పట్టుకుని ఒకే పొర అని లెక్క కట్టినవాడు, నూనె మొత్తం వచ్చేదాకా నీటిచుక్క రాదని చెప్పి ఉండేవాడు. పైగా నీళ్లు వచ్చే రోజుని 2.7 రెట్లు దూరం జరిపి ఉండేవాడు.

ఇంకా అయిపోలేదు. మొదటి పొర తెగిన మర్నాడు, అంటే అందులో నీళ్లు అవతలి బావిని చేరిన మర్నాడు, బావిలోంచి వచ్చేదాంట్లో నీళ్లెంత? మొత్తం 925లో 500, అంటే 54 శాతం. మొన్నటిదాకా అచ్చంగా నూనె, ఇవాళ సగానికి పైగా నీళ్లు. వచ్చేదాంట్లో ఈ నీళ్ల వాటానే వాటర్ కట్ అంటాం. ఫీల్డులో పొద్దున్నే ఫోను మోగితే సాధారణంగా ఈ కబురే.

మొదటి పొర తెగడానికి రెండేళ్లు పట్టిందనుకోండి. రెండో పొర నాలుగో ఏట తెగుతుంది. అప్పటికి 54 శాతం నూనె బయటికి వచ్చింది, వాటర్ కట్ 81. మూడో పొర పదో ఏట. నూనె 75 శాతం, వాటర్ కట్ 92. నాలుగో పొర ఇరవయ్యో ఏట. నూనె 90 శాతం, వాటర్ కట్ 97 దాటింది. ఐదో పొర ఎప్పుడు? నలభయ్యో ఏట. మీరు ఉద్యోగంలో చేరిన రోజున మొదలుపెడితే, మీ రిటైర్మెంట్ ఫంక్షన్ అయిపోయి మీ జూనియర్ ఫంక్షన్ కూడా దగ్గరపడేసరికి. (నవ్వులు)

మా డెల్టా వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కాలవ మొదట్లో పొలం ఉన్నవాడికి తూము ఎత్తగానే నీళ్లు. శివారు రైతుకి? మొదట్లోవాళ్ల చేలు నిండి, పొర్లి, మురుగు కాలవలో పడిపోతున్నా శివారు చేను నెర్రెలిచ్చే ఉంటుంది. ఆ 25 మిల్లీడార్సీల పొర మన శివారు రైతు. అతని దగ్గరా మొదటి పొరలో ఉన్నంత నూనే ఉంది. అక్కడిదాకా నీళ్లు వెళ్లేలోపు మిగతా నాలుగు పొరల్లోంచి ఎంత నీరు ఊరికే తిరుగుతుందో చూడండి. పదో ఏడు దాటాక ఒక పీపా నూనెకి పదకొండు పీపాల పైన నీళ్లు వస్తాయి. ఇరవయ్యో ఏడు దాటాక ఒకటికి ముప్ఫై ఆరు. ఆ నీళ్లు పైకి తోడాలి, నూనె వేరు చేయాలి, శుభ్రం చేయాలి, మళ్లీ లోపలికి కొట్టాలి. కరెంటు బిల్లు నూనె ధరని మింగేసే రోజు ఒకటి వస్తుంది. బావి ఆ రోజు మూతపడుతుంది, లోపల నూనె అయిపోయిన రోజున కాదు. కాబట్టి "ఎంత వస్తుంది" అన్న ప్రశ్నకి నీటి ఖర్చు చెప్పకుండా జవాబు లేదు. ఈ ముక్క కాలేజీలో నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు మనం తేలిగ్గా అనుకున్నదాన్ని తీసేద్దాం. నీళ్లూ నూనే ఒకే తేలికతో కదలవు. నూనె చిక్కగా ఉంటే నీళ్లు దానికంటే చులాగ్గా కదులుతాయి. రెండింటి తేలికల నిష్పత్తిని మొబిలిటీ రేషియో అంటాం. ఇందాకటి లెక్కలో అది 1. దాన్ని 4 చేయండి, అంటే రాతిలో నీళ్లు నూనెకంటే నాలుగు రెట్లు తేలిగ్గా కదులుతాయి. ఏమవుతుంది? మొదటి పొరలో నీళ్లు ముందుకు పోయినకొద్దీ అందులో చిక్కటి నూనె తగ్గి పలచటి నీళ్లు పెరుగుతాయి. అడ్డు తగ్గుతుంది. అడ్డు తగ్గిన పొరకే ఇంకా నీళ్లు పోతాయి. ఉన్నవాడికే ఇంకా పెట్టడం అన్నమాట. డైక్‌స్ట్రా పార్సన్స్ సూత్రంలో అంకెలు వేస్తే, మొదటి పొర తెగేసరికి రెండో పొరలో నీళ్లు సగం దారిలో కాదు, 36 శాతం దగ్గరే ఉంటాయి. మొత్తం మీద 37 బదులు 32 శాతం నూనె. ఐదు శాతమే కదా అనుకోకండి. ఆ మర్నాటి వాటర్ కట్ చూడండి: 54 కాదు, 79. ఒక్క రాత్రిలో!

రాజస్థాన్‌లో బార్మేర్ దగ్గర మంగళ క్షేత్రం ఉంది. 2004లో దొరికింది, 2009లో ఉత్పత్తి మొదలైంది. మైనం ఎక్కువున్న చిక్కటి నూనె, చల్లబడితే పేరుకుపోతుంది. అందుకే అక్కడ వేడినీళ్లు కొట్టారు, తర్వాత నీళ్లలో పాలిమర్ కలిపి చిక్కబరిచారు. పాలిమర్ మంత్రమేం కాదు. నీళ్లు చులాగ్గా కదిలే గుణాన్ని తగ్గించి ఆ నిష్పత్తిని కిందికి లాగడం, అంతే.

డైక్‌స్ట్రా, పార్సన్స్ ఇంకో పని చేశారు. పొరల ఎగుడుదిగుడుని ఒక్క అంకెలో పెట్టారు. కోర్ ముక్కల పెర్మియబిలిటీలన్నీ పెద్దదాన్నుంచి చిన్నదానికి పేర్చి, ఒక ప్రత్యేకమైన గ్రాఫు కాగితం మీద గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. సరిగ్గా మధ్యలో ఉన్న విలువలోంచి 84.1 శాతం దగ్గరి విలువ, అంటే 84.1 శాతం ముక్కలు దానికంటే ఎక్కువగా ఉండే విలువ, తీసేసి, మధ్య విలువతో భాగించాలి. మధ్యది 100, అక్కడిది 30 అయితే 0.7. సున్నా అంటే రాయంతా ఒకటే తీరు. ఒకటికి దగ్గరపడిందంటే నీళ్లు కొట్టేముందు రెండుసార్లు ఆలోచించుకోమని. నేను చూసిన చాలా క్షేత్రాలు 0.5కీ 0.9కీ మధ్య. ఈ అంకె నాకిష్టం. కానీ దీని మీద నాకో కోపం కూడా ఉంది, అది చెప్తాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఏ క్షేత్రమో అడక్కండి. కోర్ రిపోర్టు నా బల్ల మీద పెట్టి, ఈ బావికి నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పమన్నారు. కోర్ అంటే తెలుసు కదా, తవ్వేటప్పుడు రాతిని గుండ్రటి స్తంభంలా కోసి పైకి తెస్తాం, చెక్క పెట్టెల్లో పేర్చి, అడుగుకో చిన్న ముక్క తీసి ల్యాబులో కొలుస్తాం. నేను అంకెలన్నీ శ్రద్ధగా గ్రాఫులో వేశాను. రేఖ ముచ్చటగా వచ్చింది. మూడేళ్లు అన్నాను. తొమ్మిదో నెలలో నీళ్లొచ్చాయి.

మా పెద్దాయన తిట్టలేదు. గోడౌనుకి తీసుకెళ్లి ఆ కోర్ పెట్టెలు తెరిపించాడు. దుమ్ము, తడి చెక్క వాసన. నాలుగో పెట్టెలో రాయి లేదు, జానెడు కర్ర దిమ్మ ఒకటి అడ్డం పెట్టి ఉంది. దాని మీద నీలిరంగు పెన్సిలుతో "రాలేదు" అని రాసుంది. అడుగున మాత్రం పిడికెడు ఇసుక. ఆయన అది వేళ్ల మధ్య నలిపి నా అరచేతిలో పోశాడు. ముతక ఇసుక, మా ఊరి నూతి అడుగున ఉండేలాంటిది. ఆ పొర ఎంత వదులుగా ఉందంటే కోసి తెచ్చేలోపే రాలిపోయింది. రాలిపోయింది కాబట్టి ల్యాబుకి వెళ్లలేదు. ల్యాబుకి వెళ్లలేదు కాబట్టి రిపోర్టులో ఆ అడుగు ఎదురుగా ఒక చిన్న గీత. నేను గీతలున్న వరసలు వదిలేసి మిగతావి పేర్చాను. నీళ్లు వచ్చింది ఆ గీతలోంచే.

గ్రాఫు మీద నా కోపం అదే. మనకి తెలిసిన ముక్కల్నే పేరుస్తుంది. పైగా పెద్దదాన్నుంచి చిన్నదానికి పేర్చేసరికి ఏ పొర పైన, ఏది కింద అన్నది పోతుంది. అది చిన్న విషయం కాదు. నీళ్లు నూనెకంటే బరువు, కిందికి దిగుతాయి. పాత నదీపాయ నింపిన ఇసుక అడుగున ముతకగా, పైకి వచ్చేకొద్దీ సన్నగా ఉంటుంది. నీళ్లకి కిందికి పోవాలనే ఉంటుంది, వేగంగా పోనిచ్చే పొరా కిందే ఉంది. ఇంక పై పొర సంగతి మర్చిపోవచ్చు. అదే నది సముద్రంలో కలిసేచోట మేట వేసిన ఇసుకలో వరస తిరగబడుతుంది, ముతకది పైన, సన్నది కింద. అక్కడ వేగం పైన, బరువు కిందికి. రెండూ ఒకదాన్నొకటి సర్దుకుని నీళ్లు కాస్త సమంగా నడుస్తాయి. అవే ఐదు అంకెలు, తలకిందులుగా. గ్రాఫుకి రెండూ ఒకటే. గోదారి ఒడ్డున పుట్టిన మీలాంటివాళ్లకి ఈ తేడా కళ్లతో చూసే అవకాశం ఉంది. సెలవుల్లో పాయల దగ్గర గట్టు కోసుకుపోయినచోట ఒకసారి ఆగి చూడండి.

మన దేశంలో పొరల రిజర్వాయర్ అంటే ముందు చెప్పుకోవాల్సింది ముంబై హై. ముంబై తీరానికి దాదాపు 160 కిలోమీటర్ల దూరాన, 1974లో సాగర్ సామ్రాట్ రిగ్గు తవ్వకంలో బయటపడింది, 1976లో ఉత్పత్తి మొదలైంది. అక్కడి ప్రధాన రిజర్వాయర్ ఎల్‌-త్రీ, సున్నపురాయి పొరలు, మధ్య మధ్య షేల్, అంటే రాయిగా మారిన బంకమట్టి. 1984లో సముద్రపు నీళ్లు శుద్ధి చేసి కొట్టడం మొదలుపెట్టారు. ఆ షేల్ పొర బావికీ బావికీ మధ్య తెగకుండా సాగిందా, మధ్యలో మాయమైందా అన్నదే ప్రశ్న. సాగితే ఇందాకటి మన ఐదు పొరల లెక్క నడుస్తుంది. తెగితే నీళ్లు ఒక పొరలోంచి ఇంకో పొరలోకి జారతాయి, క్రాస్‌ఫ్లో అంటాం. అది కొన్నిసార్లు మేలు, కొన్నిసార్లు కీడు.

ఈశాన్య చైనాలో దాచింగ్ క్షేత్రం ఇంకా చిత్రం. 1959లో దొరికింది. పాతకాలపు సరస్సులోకి నదులు తెచ్చిపోసిన ఇసుకపొరలు, పదులకొద్దీ, ఒకదానికొకటి పొంతన లేకుండా. మొదట్నుంచే నీళ్లు కొట్టారు. అయితే అన్ని పొరలకీ ఒకటే తూము పెట్టలేదు. బావి లోపల ప్యాకర్లు, అంటే రబ్బరు అడ్డుకట్టలు దించి, పొరల్ని గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుకి ఇంత అని నీళ్లు కొలిచి పంపారు. వేగపు పొరకి తగ్గించి, నెమ్మది పొరకి పెంచి. మన కాలవల మీద వేసవిలో వంతులవారీ పెడతారే, అదే భూమిలో రెండు మైళ్లు నిలువుగా ఊహించుకోండి. సరిగ్గా రెండు మైళ్లు కాదులెండి, దాచింగ్ అంత లోతు లేదు, కిలోమీటరు పైచిలుకు. 1976 నుంచి 2002 దాకా ఏటా ఐదు కోట్ల టన్నులకి తగ్గకుండా తీశారు. శివారు పొరకి కూడా లస్కరు వెళ్లి నీళ్లు తిప్పాడన్నమాట.

ప్రశ్నలుంటే అడగండి. ఆ... చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సర్, ఇప్పుడు సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఉంది కదా, చేత్తో ఈ లెక్కలు ఎందుకు?)

ఉంది. లక్షల గళ్లు వేసి ఒక్కో గడిలో ఏం జరుగుతుందో లెక్క కడుతుంది. నేనూ వాడాను, మంచి పనిముట్టు. కానీ గళ్లల్లో అంకెలు ఎక్కడ్నుంచి వస్తాయి? ఆ చెక్కపెట్టెల్లోంచే. బావి నడుస్తుండగా లోపలికి చిన్న ఫ్యాను లాంటి మీటరు దించి ఏ పొర ఎంత తాగుతోందో కొలవచ్చు, నీళ్లలో గుర్తు రసాయనం కలిపి ఎన్నాళ్లకి అవతల తేలుతుందో చూడొచ్చు. అవి వచ్చాక సిమ్యులేషన్‌కి బలం వస్తుంది. అవేవీ లేని మొదటి రోజున ఐదు పొరల లెక్క పది నిమిషాల పని. సాఫ్ట్‌వేర్ దానికి బొత్తిగా పొంతన లేని జవాబిస్తే నేను ముందు సాఫ్ట్‌వేర్‌లో ఏం పెట్టారో చూస్తాను.

ఇంకెవరు? వెనక అబ్బాయి.

(ఒక విద్యార్థి: ఆ బావి ఏమైంది సర్? తొమ్మిదో నెలలో నీళ్లొచ్చింది.)

అది అడుగుతావనుకున్నా. నీళ్లు కొట్టే బావిలో మీటరు దించి చూస్తే కొట్టిన నీళ్లలో ముప్పాతిక భాగం ఆ ఒక్క పొరలోకే పోతోంది. సిమెంటు కొట్టి ఆ పొర నోరు మూశాం. వాటర్ కట్ సగానికి పడింది. నేను మిఠాయిలు పంచాను. నాలుగు నెలలు బాగా నడిచింది. ఐదో నెలలో మళ్లీ నీళ్లు. బావి దగ్గర నోరు మూశాం కానీ, పది గజాల అవతల మధ్యలో షేల్ లేదు. నీళ్లు పై పొరలోంచి కాస్త దూరం నడిచి, మళ్లీ ఆ ముతక ఇసుకలోకే దిగి, మా సిమెంటు చుట్టూ తిరిగొచ్చాయి. ఇందాక బోర్డు మీద పొరల మధ్య గోడలున్నాయనుకుందాం అన్నాను చూడు, ఆ గోడ అక్కడ లేదు. మిఠాయిల డబ్బులు మాత్రం నావే పోయాయి.